ఓడ మీద పరిచిన పడుగు

సిద్దిపేటలో కూర్చుని ఓడల గురించి రాస్తే నవ్వుతారని నాకు తెలుసు. మేం ఎరిగిన పెద్ద నీళ్ళంటే కోమటిచెరువు. ఎండాకాలంలో దాని అడుగు కూడా కనపడేది. నవ్వేవాళ్ళు నవ్వండి. నేను ఓడ ఎక్కాను. ఒకసారి కాదు, ఆరేండ్ల పాటు ఏడాదికి రెండుసార్లు, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి.

మొన్న మా ఇంటికి ఒక చుట్టం వచ్చాడు. బొంబాయిలో నలభై ఏండ్లు ఉండి వచ్చిన మనిషి. మాటల్లో బొంబాయి నుంచి రత్నగిరి వైపు, కొంకణం పోయే ఓడల సంగతి వచ్చింది. "అవి ఎన్నడో బందయినయి గదా వదినా. మంచిగయింది. మనుషులను పశువుల లెక్క కుక్కి తీస్కపోతుండె" అన్నాడు. ఇంటికి వచ్చిన మనిషి కదా అని చాయ ఇచ్చి ఊరుకున్నాను. ఆయన పోయినంక కోపం వచ్చింది. ఆయన వాటిని ఒక్కసారి కూడా ఎక్కలేదు.

నేను చదివింది నాలుగో తరగతి. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. రెండు కాయితాలు మొదలుపెట్టి చించేశాను. తప్పులుంటే ఉండనీయండి. కానీ ఆ ఓడల మీద పడిన మాటకు మాత్రం నేను జవాబు చెప్పకుండా ఉండను.

మేం నేతగాళ్ళం. నాకు పదిహేడేండ్లు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు. సిద్దిపేటలో నూలు దొరకడం లేదు. నూలు మీద కంట్రోలు పెట్టారు. కార్డు మీద ఇచ్చే నూలు నెలలో వారం రోజుల పనికి కూడా సరిపోయేది కాదు. పొద్దున లేస్తే వినపడే మగ్గాల చప్పుడు మా వీధిలో, మా వాడకట్టులో ఆగిపోయింది. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళం. అది ఆగితే చెవుల్లో దూది పెట్టినట్టు ఉండేది.

మా ఆయన అంతకు రెండేండ్ల ముందే బొంబాయి పోయి మిల్లులో చేరాడు. చీర అంచు మీద గొల్లభామ బొమ్మను, నెత్తిన చల్లకుండతో సహా, పోగు పోగు లెక్కపెట్టి ఎత్తగల చెయ్యి ఆయనది. మిల్లులో ఆయనకు తెగిన పోగులు ముడివేసే పని ఇచ్చారు. పొద్దంతా ముడులే. అక్కడ పక్కన పనిచేసే రత్నగిరి మనిషి ఒకడు, తమ ఊళ్ళో చేతిమగ్గాల కార్ఖానా ఉందని, బొమ్మ అంచు నేసేవాడి కోసం దాని యజమాని వెతుకుతున్నాడని చెప్పాడు. ఉత్తరం రాయించారు. జవాబు వచ్చింది. మగ్గం ఇస్తాను, ఉండడానికి ఒక అర్ర ఇస్తాను, నూలు మాత్రం నా దగ్గర కూడా లేదు. ఒక పడుగు మీరే తెచ్చుకుని నాలుగు చీరలు నేసి చూపండి. పని నచ్చితే ఉండండి, నచ్చకుంటే పొండి.

పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పోయే పోగులన్నీ కలిపి. నాలుగు చీరల పొడుగు ఉంటుంది. ఆ రోజుల్లో ఒక పడుగుకు సరిపడా నూలు ఎవరింట్లో ఉంటుంది? మా అవ్వ దగ్గర, అంటే మా అమ్మ దగ్గర, ఉంది. కంట్రోలు రాకముందు కొన్నది. వడ్ల గుమ్మిలో దాచిపెట్టింది. మా ఆయన నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు దాన్ని బయటికి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"గిది కరాబైతే ఇంకోటి లేదు బిడ్డా. మళ్ల నన్నడుగొద్దు" అన్నది.

దాన్ని తయారుచేయడానికి వాడకట్టు అంతా వచ్చింది. మాలో అట్లాంటి పద్ధతి. తెల్లవారగానే పడుగును వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగదీసి గుంజలకు కట్టాలి. గంజి పట్టించాలి. చెరో పక్కన నడుస్తూ కుంచెలతో దువ్వాలి. ఎవరి పడుగైనా ఎవరూ కూలి అడగరు. ఇంత అంబలి తాగి పోతారు. ఇంకొక పద్ధతి ఉంది. సాగదీసిన పడుగును ఎవరూ దాటకూడదు. దాటితే పోగులు నిలవవని మా పెద్దలు చెప్పేవాళ్ళు. నా చిన్నప్పుడు అమీను, అంటే పోలీసు దొర, గుర్రం మీద వచ్చి మా పడుగు ముందు ఆగాడు. గుర్రాన్ని తిప్పుకుని పక్క వీధి నుంచి పోయాడు. ఆ సంగతి మా వాడకట్టులో ఇరవై ఏండ్లు చెప్పుకున్నారు.

ఆరిన పడుగును చుట్టి మూట కడుతుంటే మా బావ వచ్చి నిలబడ్డాడు. మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద.

"యాడికి పయనం?"

"రత్నగిరికి బావా."

"అది యాడుందో ఎర్కేనా?"

"ఓడెక్కి పోవాల్నట."

"ఓడనా! కోమటిచెరువుల కాళ్ళు కడగనీకె భయపడ్తవ్, నువ్వు సముద్రం మీద పోతవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు. తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇగో, చెప్తున్న ఇను. ఆనలు పడకముందే మీరు తిరిగొస్తరు. వచ్చినంక నువ్వు మిల్లుకు వోవాలె, ఇది నా ఇంట్ల కండెలు చుట్టుకుంట కూసోవాలె. మళ్ల రత్నగిరి గిత్నగిరి అన్నరంటే మంచిగుండదు."

మా ఆయన తల ఊపాడు. ఆయన అన్న ముందు నోరెత్తడు. నేను ఎత్తాను.

"రాకుంటే?"

"రాకుంటే ఏంది?"

"మేం రాకుంటే నువ్వే కూసోని అక్కకు కండెలు చుట్టియ్యాలె బావా."

అక్క అంటే బావ పెండ్లాం; అడ్డపోగు నూలును కండెలకు చుట్టడం మాలో ఆడవాళ్ళ పని. ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. మా అత్త వెనుక నుంచి నా వీపు మీద ఒకటి వేసింది. దెబ్బ గట్టిదే. కానీ మాట బయటికి వచ్చేసింది. ఇక ఆ పడుగు నేత అయితే నేను మా ఆయనతో ఉంటాను. కాకుంటే ఆయన మిల్లులో, నేను బావ ఇంట్లో. అంతే.

బస్సులో హైదరాబాదు పోయాం. అక్కడి నుంచి బొంబాయికి రైలు. పడుగు మూట నా ఒళ్ళోనే ఉంది. గంజి పట్టిన పడుగు ఎండాకాలంలో పెళుసెక్కుతుంది. మగ్గం మీదికి పోకముందే పోగులు పుటుక్కుమంటాయి. అందుకని మా అవ్వ, "ఎండనియ్యకు, పిండిన తడిగుడ్డ చుట్టుకుంట పో" అని పదిసార్లు చెప్పింది. నేను స్టేషన్ స్టేషన్‌కు దిగి నల్లా కింద గుడ్డ తడిపాను. పక్కన కూర్చున్నామె, "పిల్లకు జరమా?" అని అడిగింది.

బొంబాయి రేవులో ఓడను మొదటిసారి చూసినప్పుడు అది ఓడ అని నాకు తెలియలేదు. నల్లటి పెద్ద గోడ, దాని మీద తెల్లటి అంతస్తు, పైన గుండ్రటి కిటికీలు. రేవు పక్కన కట్టిన బంగళా అనుకున్నాను. "ఓడేది?" అన్నాను. మా ఆయన వేలు పైకెత్తి పొగ గొట్టం చూపించాడు. ఆ బంగళా కొంచెం కొంచెంగా ఊగుతున్నది. అప్పుడు తెలిసింది.

మాది కింది తరగతి టికెట్టు. కుర్చీలు, బల్లలు ఏమీ ఉండవు. పైన గుడ్డ పందిరి, కింద నేల. ఎక్కగానే అందరూ పరుగెత్తి చాప పరుస్తారు. చాప ఎక్కడ పడితే అది మీ జాగ. దాన్ని విడిచి గంటసేపు తిరిగి వచ్చినా ఎవరూ తీయరు. బస్సు సీట్ల మీద వేసిన రుమాళ్ళు కిటికీలోంచి పారేసిన పెద్దమనుషులను నేను చూశాను. ఓడ మీద చాప తీసినవాణ్ణి ఆరేండ్లలో చూడలేదు. పశువుల లెక్కనట!

ఇంకా చెప్తాను. కోళ్ళ గంపలు ఉండేవి, నిజమే. మేకలు కూడా ఉండేవి. సెలవు మీద ఊరికి పోయే మిల్లు కూలీలు గుంపుగా కూర్చుని తాళాలు వాయిస్తూ పాడేవాళ్ళు. బొగ్గు పొగ, ఎండుచేపలు, కొత్త రంగు, అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. మొదటి రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. రెండో ఏటికి ఆ వాసన వస్తే నా ఇల్లు వచ్చినట్టు ఉండేది. ఓడ కదిలేముందు మూడు కూతలు వేస్తుంది. మూడో కూత చెవికి కాదు, పొట్టకు వినపడుతుంది. ఆ తర్వాత నేల మనల్ని విడిచి మెల్లగా వెనక్కి పోతుంది. రైలు గుంజినట్టు గుంజదు. అంత పెద్దది, అంత మర్యాదగా కదులుతుంది.

మొదటి ప్రయాణంలో నేను చేసిన తప్పు ఇప్పుడు రాయాలి.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మా చాప పందిరి అంచున ఉంది, ఎండ పడుతున్నది. ఇనుప నేల కాలుతున్నది. మూటను తడిమి చూశాను, గుడ్డ ఆరింది. నీళ్ళ కోసం చూస్తే ఓడ పనివాడు, ఖలాసీ ఒకడు తాడు కట్టిన బకెట్టును సముద్రంలోకి వదిలి, తోడి, నేల కడుగుతున్నాడు. మా బడిలో చదువు ఉర్దూలో చెప్పేవాళ్ళు. ఆ ఉర్దూతో అడిగాను. వాడు నవ్వి బకెట్టు నా ముందు పెట్టాడు. గుడ్డను ముంచాను. ఎండ ఎక్కువ ఉంది కదా అని సరిగా పిండను కూడా లేదు. చుట్టేశాను. ఆరగానే మళ్ళీ ముంచాను. అట్లా మూడుసార్లు.

సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని నాకు తెలుసు. తాగడానికి పనికిరావని బడిలో చెప్పారు. నేను తాగలేదు కదా. గుడ్డకు ఉప్పు అయితే ఏమి, తీపి అయితే ఏమి అనుకున్నాను. మా వైపు చవుడు నీళ్ళ బావులు లేవా? వాటితో బట్టలు ఉతకలేదా?

పక్క చాప మీద చేపలమ్మే ఆమె కూర్చుంది. చీర కాసె పోసి కట్టింది, ముక్కుకు పెద్ద నత్తు. ఖాళీ గంపలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని ఊరికి పోతున్నది. చాలాసేపటి నుంచి నన్నే చూస్తున్నది. ఆమెది మరాఠీ, నాది ఉర్దూ. ఇద్దరం సగం సగం. ఓడ మీది వాళ్ళ మాటలు నాకు ఎట్లా అర్థమయ్యాయో అట్లా మన మాటల్లోనే రాస్తున్నాను.

"ఏముందే పోరీ గా మూటల? పసిపిల్లనా?"

"కాదు, నూలు. పడుగు."

ఆమె చెయ్యి చాపి గుడ్డను ముట్టుకుంది. వేలు నాలుక మీద పెట్టుకుంది. ముఖం మారింది.

"నూలుకు సముద్రం నీళ్ళు పెడ్తున్నవా! పిచ్చిదానా, ఉప్పెక్కిన నూలు ఆరదే. ఎండల ఆరినట్టు గనవడ్తది. పొద్దుగూకంగనే గాలిల తడంత గుంజుకుంటది. మా వలలు గట్లనే మురుగుతయి. అసలు ఈడి గాలే తడి. తడిగుడ్డ ఎందుకే?"

మూట విప్పాను. పై వరసలన్నీ నానిపోయాయి. గంజి కరిగి బయటికి వచ్చింది. అట్టు మీద అట్టు అంటుకున్నట్టు పోగుల వరసలు అంటుకుంటున్నాయి. చుట్టి ఉండగానే ఆరితే అది కట్టె అయిపోతుంది. తర్వాత విప్పితే ప్రతి పోగూ తెగుతుంది. దాన్ని అప్పుడే సాగదీసి, మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ గంజి పెట్టి, ఎండ ఉండగానే ఆరబెట్టాలి. రత్నగిరి రావడానికి నాలుగు గంటలు ఉంది.

మా ఆయన చూశాడు. చాప మీద కూలబడ్డాడు.

"అయిపాయె. అన్న చెప్పనే చెప్పిండు."

"మీ అన్న ఆనల సంగతి చెప్పిండు. గిది నా తప్పు. లే, పరుద్దాం."

"యాడ పరుస్తవే?"

నేను లేచి నిలబడి చూశాను. ముందు ఇనుప స్తంభం నుంచి వెనుక కటకటాల దాకా ఓడ నేల చక్కగా పోయింది.

"గిదేంది మరి? మన వాడకట్టు లెక్కనే ఉన్నది."

"గింతమంది నడుమనా? ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోతే మళ్ల వస్తది. పడుగు పోతే వస్తదా?"

ఆయన లేవలేదు. చేపలామె లేచింది. చీర కొంగు నడుముకు చుట్టి, చేపల బజారులో అరిచే గొంతుతో ఒక్క అరుపు అరిచింది. "చాపలు ఎత్తుండ్రి! ఈ పోరి దారం పరుస్తదట, జరుగుండ్రి!" ఎందుకని కొందరు అడిగారు. ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు, చాలా పొడుగు చెప్పింది. చాపలు లేచాయి. కోళ్ళ గంపతో కూర్చున్న ముసలాయన మాత్రం కదలలేదు.

"నా కోళ్ళు యాడికి వోవాలె?"

"అవి గీ దారానికి ముక్కు పెడితే నా పొయ్యి మీదికి పోతయి తాతా" అన్నది ఆమె. ముసలాయన గంప ఎత్తుకున్నాడు.

ఒక కొస స్తంభానికి కట్టాను. ఇంకొక కొస పట్టుకుని వెనక్కి నడుస్తుంటే మా ఆయన లేచి వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు. "గట్ల గాదు, పోగులు కలుస్తయి" అన్నాడు. కటకటాలకు ఆయనే కట్టాడు.

ఇక మంచినీళ్ళు. ఓడ మీద తాగేనీళ్ళ తొట్టికి తాళం ఉంటుంది. దాని కాపలా మనిషి మనిషికి ఒక లోటా పోస్తాడు. నేను రెండు బకెట్లు అడిగాను. "ఇవి తాగనీకె, నూలుకు గాదు" అన్నాడు. ఆయన తప్పు లేదు. చేపలామె తన కుండలో నీళ్ళు, కాపురానికి తెచ్చుకున్న నా గంగాళంలో పోసింది. తర్వాత ఒక మిల్లు కూలీ తన వంతు లోటా పట్టించుకుని వచ్చి పోశాడు. వాడి వెనుక ఇంకొకడు. తాళాలు వాయించే గుంపంతా వరసలో నిలబడింది. కోళ్ళ ముసలాయన కూడా లోటా తెచ్చి, నా కళ్ళ ముందే సగం తాగి, మూతి తుడుచుకుని, మిగతా సగం పోశాడు. ఆ ఎండలో తన తాగేనీళ్ళు ముక్కూ మొఖం తెలియని దాని నూలు మీద ఏ పశువు పోస్తుందో చెప్పండి.

కడిగాం. గంజి కోసం ఓడ వంటాయన దగ్గరికి పోయాను. ఖలాసీల అన్నం వార్చిన గంజి ఉంది, వేడిగా, చిక్కగా. కుంచె లేదు. కొబ్బరి పీచు కట్టగట్టి కుంచె చేశాడు మా ఆయన. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క, ముందు నుంచి వెనక్కి, వెనుక నుంచి ముందుకు దువ్వుతూ నడిచాం. తెగిన పోగు కనపడితే ఆయన ఆగి ముడివేసేవాడు. రెండేండ్లు మిల్లులో వేసిన ముడులు అప్పుడు పనికొచ్చాయి. ఆయన కళ్ళు నూలు మీదే ఉన్నాయి. జనాన్ని మరచిపోయాడు.

అప్పుడు వచ్చాడు తెల్లబట్టల ఆఫీసరు.

"ఎవరు కట్టిన్రు దీన్ని? తీయుండ్రి! గిది ఓడ, మీ ఇంటి వాకిలి గాదు."

అంటూనే మా వైపు వస్తున్నాడు. బూటు కాలు ఎత్తాడు, అవతలికి దాటడానికి.

"దాటకు!"

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన కాలు గాలిలోనే ఆగింది. ఓడ ఊగింది. ఆయన కూడా ఊగి, కాలు వెనక్కే పెట్టుకున్నాడు. జనం ఒకటే నవ్వు.

"దాటితే ఏమైతది?" అన్నాడు, మొఖం ఎర్రగా చేసుకుని.

నాకు వచ్చిన ఉర్దూలోనే జవాబు చెప్పాను. "మా ఊర్ల పోలీసు దొరనే గుర్రం తిప్పుకొని వోయిండు సాబ్. నీకు గుర్రం గూడ లేదు, నాలుగడుగులు సుట్టు తిరిగి పోరాదు?"

"ఎప్పుడు తీస్తరు?"

"ఆరినంక."

"నేను చెప్పినప్పుడు తీయాలె."

"ఎండ చెప్పినప్పుడు తీస్త సాబ్."

నేను కుంచె కింద పెట్టకుండా దువ్వుతూనే ఉన్నాను. ఆయన నన్ను చూశాడు, పడుగును చూశాడు, వరసగా నిలబడిన జనాన్ని చూశాడు. ఏదో గొణిగి, స్తంభం దాకా నడిచి, దాని వెనుక నుంచి చుట్టు తిరిగి పోయాడు. ఆ తర్వాత రత్నగిరి వచ్చేదాకా ఓడ మీద ఒక్కరు కూడా ఆ పడుగును దాటలేదు. బకెట్టు ఖలాసీ కూడా చుట్టు తిరిగే పోయాడు.

రత్నగిరి దగ్గర ఓడ ఒడ్డుకు పోదు, దూరంగా ఆగుతుంది. చిన్న పడవలు వచ్చి మనుషులను దించుకుంటాయి. ఓడ ఆగేసరికి రెండు కొసలూ ఆరాయి, నడుమ మాత్రం ఇంకా చల్లగా ఉంది. కూత వేశారు. ఆఫీసరు మళ్ళీ వచ్చాడు.

"దిగుండ్రి. ఇగ నడువది."

"నడుమ ఆరలేదు సాబ్. తడి మీద చుడితే ఇప్పటిదాంక చేసిందంత దండుగ."

"నీ ఒక్కదాని కోసం ఓడ ఆగుతదా?"

ఓడ ఆగింది. ఎట్లా ఆగిందో చెప్తాను. దిగే నిచ్చెన దగ్గరికి అందరికంటే ముందు చేపలామె పోయింది. గంపలు నెత్తిన పెట్టుకుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, నడుము పట్టుకుని, "అమ్మో, పట్టేసింది" అని కూర్చుంది. ఆమె లేచేదాకా ఎవరూ దిగలేరు. ఆమె లేచింది. అప్పుడు ముసలాయన కోడి ఒకటి గంపలోంచి బయటికి వచ్చింది. అది ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియాలి. దాన్ని పట్టడానికి తాళాల గుంపు మొత్తం పరుగెత్తింది, అందరూ తప్పు వైపు పరుగెత్తారు. కింద పడవల వాళ్ళు తిట్టిపోస్తున్నారు. ఆఫీసరు గడియారం తీసి చూశాడు. మమ్మల్ని చూశాడు. తర్వాత మాకు వీపు పెట్టి, కటకటాలు పట్టుకుని, సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మమ్మల్ని కసిరాడు, నిజమే. కానీ ఆ వీపు ఆయన మాకు ఇచ్చిన సెలవు అని నేను ఇప్పటికీ అంటాను.

పడుగు నడుమ చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. చుట్టాం.

మరునాడు పొద్దున కార్ఖానా యజమాని మూట విప్పించాడు. రెండు వేళ్ళతో పోగులు తడిమాడు. ముసలివాడు, చూపు తక్కువ, వేళ్ళతోనే చూస్తాడు.

"తడిసింది గదా."

"తడిసింది" అన్నాను నేను.

"ఉప్పు తగిలింది."

"తగిలింది. కడిగినం."

కటకటాలకు కట్టిన చోట పడుగు అడ్డంగా ఒక తుప్పు మరక ఉంది, వేలెడు వెడల్పు. ఆయన మనవడు ఎవరో చూసి చెప్పాడు. యజమాని, "మరక అవతల మూరెడు విడిచి కోసి పారెయ్యి. మిగిలింది నెయ్యి, చూద్దాం" అన్నాడు. కోస్తే నాలుగో చీరకు మూరెడు తక్కువ పడుతుంది. నాలుగు చీరలు కదా ఆయన అడిగింది. తర్వాత లెక్క చూసి మూడే అంటే మేం ఏం చెప్పాలి? నేను నోరు తెరిచాను. నాకంటే ముందు మా ఆయన మాట్లాడాడు.

"కొయ్య."

ఆయన పెద్దవాళ్ళ ముందు కాదనడం నేను అదే వినడం.

"నూలుల లోపం లేదు సేటూ, మరక ఒక్కటే. ఆ కొస కాన్నుంచే మొదలు పెడ్త. నీకు నచ్చకుంటే నాలుగూ నీకే ఇడిసిపెట్టి పోతం."

మరక ఉన్న కొస నుంచే నేశాడు. నేను కండెలు చుట్టి ఇచ్చాను. కొంగులో అడ్డంగా వచ్చే గొల్లభామల వరసను సరిగ్గా ఆ మరక మీద నడిపించాడు. తుప్పు రంగు వాళ్ళ కాళ్ళ కింద మట్టి బాటలాగా వచ్చింది. నాలుగు చీరలు అయ్యేసరికి ఆనలు పడ్డాయి. యజమాని మొదటి చీరను పొడుగంతా వేళ్ళతో తడిమి చూశాడు. మొలలోంచి మాకు ఇస్తానన్న అర్ర తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆరేండ్లు ఉన్నాం అక్కడ. ప్రతి ఏడూ ఆనలు ఆగినంక ఓడలు మళ్ళీ మొదలయ్యేవి. మొదటి కూత వినపడగానే ఊరంతా రేవుకు పోయేది, నేను కూడా పోయేదాన్ని. నాలుగైదు ఓడలు తిరిగేవి. ఏది వస్తున్నదో కూతను బట్టి చెప్పేదాన్ని. ఒకదాని గొంతు బొంగురు. ఒకటి కూత మధ్యలో ఆగి మళ్ళీ అందుకునేది. చేపలామె ఇంకా మూడుసార్లు కలిసింది. కలిసినప్పుడల్లా, "ఏమే, నూలుకు నీళ్ళు పెట్టినవా?" అని అందరి ముందు అడిగేది. తర్వాత మేం సిద్దిపేట తిరిగి వచ్చాం. మా ఇష్టంతో వచ్చాం, మా సొంత మగ్గం పెట్టుకోవడానికి.

ఆ ఓడలు ఇప్పుడు లేవు. ముసలివి అయినాయని విప్పి ఇనుముకు అమ్మారట. రత్నగిరికి ఇప్పుడు బస్సులు పోతాయి, రైలు కూడా పోతుందట. తొందరగా పోతాయట. పోనీయండి. ఓడలు ఆలస్యంగా పోయేవి, ఇరుకుగా ఉండేవి, వాసన వచ్చేవి, ఒప్పుకుంటాను. కానీ వాటి మీద నేను నా పడుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచాను, ఎవరూ దాటలేదు. ఇప్పటి బస్సులో, రైలులో ఎవరైనా ఒక్క మూరెడు పరిచి చూపించండి.